మహేంద్రగిరి కింద ఏడు వందల ఏళ్ల బతుకు

మహేంద్రగిరి మీద చావులేనివాడు ఒకడు ఇప్పటికే ఉన్నాడు. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద పరశురాముడు నేటికీ తపస్సు చేస్తున్నాడని పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లూ, ఒడియావాళ్లూ చెప్పుకుంటారు. అయితే ఫాంటసీ కథ కోసమో, ఆట కోసమో ఎల్ఫ్ జాతిని కల్పించాలనుకునే తెలుగు రచయితకు ఆయన దగ్గర దొరికేది తక్కువ. చిరంజీవికి వంటిల్లు ఉండదు, పక్కింటివాళ్లు ఉండరు, బడికి పంపాల్సిన పిల్లలూ ఉండరు. తపస్సు ఒక్కడితో అయిపోతుంది. ఆచారం, వరస, పండగ, అప్పు పుట్టాలంటే ఒక ఊరు కావాలి.

ఎల్ఫ్‌లు నార్స్, పాత ఇంగ్లిష్ జానపద నమ్మకాల్లోంచి వచ్చినవాళ్లు. కోసుగా సాగిన చెవులు, విల్లంబులు, అడవిలో వందల ఏళ్ల జీవితం అనే రూపాన్ని 20వ శతాబ్దపు ఫాంటసీ సాహిత్యం, ఆ తర్వాత వచ్చిన ఆటలు స్థిరపరిచాయి. ఆ రూపాన్ని యథాతథంగా దించుకుంటే తెలుగులో రాసినా కథ మంచు అడవిలోనే తిరుగుతుంది. దాన్ని తీసుకొచ్చి మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశా వైపు పర్లాకిమిడికీ ఆంధ్ర వైపు పాతపట్నానికీ మధ్య సరిహద్దులో నిలబెడితే తేల్చుకోవాల్సిన విషయాలు వేరు. ఇక్కడ మనుషులు కదలకుండా ఉండగానే ప్రెసిడెన్సీ మారింది, రాష్ట్రం మారింది, బడి భాష మారింది. ఎక్కువ కాలం బతకడం అంటే ఏమిటో పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మొదట ఒక విషయం తేల్చుకోవాలి. ఆయుష్షు పదింతలైతే అన్నీ పదింతలు నెమ్మదించవు. వరి పంటకు అవే నాలుగైదు నెలలు. వాన జూన్‌లోనే పడుతుంది. ఎల్ఫ్ కడుపుకైనా పూటకోసారి ఆకలేస్తుంది, పంటి నొప్పి ఆ రాత్రే నిద్ర పట్టనివ్వదు. నేల కాలం అందరికీ ఒకటే. సాగేది ఒంటి కాలం: పెరగడం, పెళ్లి, పిల్లలు, ముసలితనం, ఆస్తి చేతులు మారడం. ఈ రెండు కాలాలూ ఎక్కడ ఒరుసుకుంటాయో అక్కడే ఆ జాతి ఆచారాలు పుడతాయి. చాలా కథల్లో ఎల్ఫ్‌లు మాటా నడకా అన్నీ తాపీగా ఉండే మనుషుల్లా కనబడటానికి కారణం, రచయిత ఈ రెంటినీ వేరు చేయకపోవడమే. నారుమడిలో నీళ్లు ఇంకిపోతుంటే ఏడు వందల ఏళ్లు బతికేవాడు కూడా పరుగెత్తాల్సిందే.

ఈ వ్యాసం కోసం కొన్ని కొలతలు పెట్టుకుందాం. ఆయుష్షు 700 ఏళ్లు. బాల్యం 60 ఏళ్లు. మొదటి బిడ్డ 150 ఏళ్ల వయసులో. ఈ మూడో అంకెను చాలామంది పట్టించుకోరు గానీ అసలు కీలకం అదే. మనుషుల్లాగే పాతికేళ్లకు పిల్లలు పుడితే ఒకే సమయంలో ఇరవై ఎనిమిది తరాలు బతికుంటాయి. ఏ ఊరూ అంతమందికి తిండి పెట్టలేదు. 150 ఏళ్లకు పుడితే బతికి ఉండేవి అయిదు తరాలే, అంటే మన ఇళ్లలో కనబడే దానికంటే ఒకటి రెండు ఎక్కువ. తాత, ముత్తాత, మనవడు, మునిమనవడు అన్న పిలుపులే దాదాపు సరిపోతాయి. చిక్కంతా అన్నదమ్ముల మధ్య ఎడంలో ఉంది. అన్నకు, తమ్ముడికి 170 ఏళ్ల తేడా ఉంటే, తమ్ముడు ఉయ్యాలలో ఉండగా అన్న కొడుకు వీధిలో తిరుగుతుంటాడు. తెలుగు ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. వయసులో చిన్నవాడైనా వరసకు చిన్నాన్న అయితే చిన్నాన్నే. కాబట్టి ఎల్ఫ్‌ల బంధుత్వానికి కొత్త పదాలు కనిపెట్టే శ్రమ అక్కర్లేదు. వయసు కంటే వరసకే మర్యాద అన్న నియమం ఒకటి గట్టిగా పెట్టుకుంటే చాలు.

వంటింట్లోకి వెళితే విషయం ఇంకా చిక్కగా ఉంటుంది. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ద్వారా మన దేశానికి వచ్చింది. బంగాళాదుంప, టమాటా, వేరుశనగ, బొప్పాయి, జామ, మొక్కజొన్న అన్నీ ఆ ఖండాలవే. పలాస చుట్టుపక్కల ఇంతమందికి కూడు పెడుతున్న జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్. అంటే ఈ రోజు ఆరు వందల ఏళ్లున్న ఎల్ఫ్ ముసలమ్మ బాల్యం, పెళ్లిఈడు అన్నీ మిరపకాయ లేకుండానే గడిచాయి. ఆమె నాలుకకు కారం అంటే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి. పులుపు చింతపండుదే, ఘాటు ఆవపిండిదే. పనసపొట్టు కూరలో ఆవ పెట్టే పద్ధతి ఆమెకు తెలిసిందే, ఒడియా ఇళ్లలో ఆవముద్దతో చేసే బేసరా ఆమెకు తెలిసిందే. కోడలు వేసే ఎండుమిరపకాయ తిరగమోతే కొత్త.

ఇక్కడ మనుషుల ఆచారం ఒకటి గమనించాలి. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో బంగాళాదుంప, టమాటా, మిరపకాయ వాడరు. చాలా తెలుగు ఇళ్లలో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, మిరియమే వేస్తారు. నాలుగైదు వందల ఏళ్ల కిందటి రుచిని మనుషులు గుడిలోనూ, పితృకార్యంలోనూ దాచుకున్నారు. ఎల్ఫ్‌లు దాన్ని రోజూ పొద్దున్నే తింటారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఉండటం, పాత పొయ్యి మీద వండింది పెద్దలకు, కొత్త పొయ్యి మీద వండింది పిల్లలకు అనడం ఈ జాతికి సహజమైన ఏర్పాటు. చిన్నవాడు ఏ వయసులో పాత పొయ్యి వంటకు మారతాడు, మారనని మొండికేస్తే ఏమంటారు అన్నది ఇంటి రాజకీయం. వాళ్లకు రాసే పాటలూ యుద్ధగాథలూ ఇవ్వలేని ప్రాణాన్ని ఈ ఒక్క తగువు జాతికి ఇస్తుంది. చోడి (రాగి) అంబలి, చద్దన్నం దగ్గర మాత్రం గొడవ లేదు. ఎండాకాలం ఒడియావాళ్ల పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) గిన్నె ముందు అన్ని తరాలూ ఒకచోటే కూర్చుంటాయి.

కాలాన్ని ఎలా లెక్కపెడతారన్నది తర్వాతి సంగతి. తెలుగు సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై. మనిషికి ఒక చుట్టు చాలు, అది పూర్తయితే షష్టిపూర్తి చేస్తాం. ఎల్ఫ్‌కు ఆ చుట్టు పదకొండు సార్లకు పైగా తిరుగుతుంది. గుంటూరు సీమను ఊడ్చేసిన 1832–33 కరువును నందన కరువు అన్నారు. నందన మళ్లీ 1892లో, 1952లో, 2012లో వచ్చింది. ఆ మాట ఎల్ఫ్ నోట వస్తే ఏ నందన అని అడగాలి. ఒడియా పంచాంగంలో ఇంకో లెక్క ఉంది, దాన్ని అంకం అంటారు. గజపతి అని పిలిచే పూరీ రాజు ఏలుబడిలోని ఏళ్లను అందులో లెక్కిస్తారు, కానీ కొన్ని అంకెలు దాటేస్తారు. 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. భాద్రపద శుక్ల ద్వాదశి నాడు, సునియా పండగతో అంకం మారుతుంది. 1866లో ఒరిస్సాలో సుమారు పది లక్షల మందిని మింగిన కరువుకు నాఅంకం అనే పేరు నిలిచింది, అప్పటి గజపతి తొమ్మిదో అంకంలో వచ్చింది కనుక. దాటేసిన అంకెలు తీసి లెక్కిస్తే ఆ తొమ్మిదోది నిజానికి ఏడో ఏడు.

ఒక లెక్క అరవై ఏళ్లకోసారి మొదటికొస్తుంది. ఇంకోటి రాజు మారితే మొదటికొస్తుంది. రెండూ పొట్టి ఆయుష్షులకు కుట్టిన లెక్కలే. సరిహద్దులో ఉండే ఎల్ఫ్ రెండూ వాడాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న మనుషులు రెండూ వాడుతున్నారు. చైత్ర శుద్ధ పాడ్యమికి ఉగాది పచ్చడి, ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతికి పానకం. తెలుగు నెల అమావాస్యకు ముగిస్తే ఒడియా నెల పున్నమికి ముగుస్తుంది. అందుకని బహుళ పక్షం రోజులకు రెండిళ్లలో రెండు నెలల పేర్లుంటాయి. ఎల్ఫ్‌లు తమకంటూ పెట్టుకునే లెక్క వీటి పైన ఉండాలి, అది చుట్టుకు చుట్టుకు తేడా చూపాలి. అరవై ఏళ్ల ప్రతి చుట్టుకూ ఒక పేరు పెట్టుకుంటారనుకోవచ్చు. ఆ చుట్టులో ఏం పోయిందో దాని పేరు పెట్టడం వాళ్లకు తోచే పద్ధతి: ఒక చెరువు, ఒక వంతెన, ఒక వంగడం. రాజుల పేర్లు పెట్టరు, వాళ్లకు అవి మరీ తొందరగా మారిపోతాయి.

బాల్యం 60 ఏళ్లు అన్నాం. దీని బరువు ఎంతో తెలియాలంటే ఒక పిల్లవాణ్ణి ఊహించుకోవాలి. 1890లో పర్లాకిమిడిలో ఒక తెలుగు వీధిలో పుట్టాడనుకుందాం. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి సంస్థానం వాళ్ల చిన్న రైలు వచ్చేటప్పటికి వీడు మనుషుల లెక్కలో మూడేళ్ల బుడతడు. 1931లో ఆ లైను గుణుపురం చేరేసరికి పన్నెండేళ్ల వాడిలా ఉంటాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. వీధి అక్కడే ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీ పక్కకు జరిగింది. వీడికింకా పెద్దవాళ్లయ్యే ఈడు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడూ రాలేదు. ఆ చిన్న రైలు తీసేసి బ్రాడ్‌గేజ్ వేసి 2011 నాటికి గుణుపురం దాకా పూర్తి చేసినప్పుడు వీడికి 121 ఏళ్లు, పెళ్లి సంబంధాలు చూడ్డానికి ఇంకా టైముంది.

ఈ పిల్లవాడితో గోళీలాడిన వాళ్లు ఎవరు? మనుషుల పిల్లలు అయిదారేళ్లు వాడికి ఈడు జోడుగా ఉండి తర్వాత దాటిపోతారు. ఒక్క బాల్యంలో ఎనిమిది, పది జట్లు మారతాయి. మొదటి జట్టువాళ్లు చివరి జట్టువాళ్లకు తాతలు. ప్రతి జట్టూ తన కాలపు తెలుగు, తన కాలపు ఒడియా, కొత్త తిట్లు, కొత్త ఆటలు నేర్పి పోతుంది. కనుక ఎల్ఫ్‌లు ప్రాచీన భాష మాట్లాడతారన్న అలవాటైన ఊహ సరిహద్దు ఊళ్లో నిలవదు. వాళ్ల పిల్లలే వీధిలో అందరికంటే తాజా భాష మాట్లాడతారు. పెద్దయ్యాక మాట గట్టిపడుతుంది. కాబట్టి ఒక్కో ఎల్ఫ్ పెద్ద నోట ఒక్కో శతాబ్దపు వీధి భాష వినిపిస్తుంది, అందులో ఏదీ గ్రాంథికం కాదు.

ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి (1863–1940) చాలాకాలం పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగే బడిలో, పుస్తకంలో ఉండాలని పోరాడారు. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలవబోతుంటే 1936లో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మనిషికి విడిచి వెళ్లడం అనేది ఒక దారి. ఎల్ఫ్ కుటుంబానికి ఆ దారి పట్టాల్సిన తొందర కనబడదు. ఇంకో వందేళ్లు ఆగితే ఈ గీత కూడా మారవచ్చు కదా అనుకుంటుంది. వాళ్ల ఓపిక మీద రచయితలు చాలా కథలు అల్లారు. కానీ ఆ ఓపిక పక్కింటి మనిషికి ఏం ఖర్చు పెడుతుందో చూడాలి. పిల్లల్ని తెలుగు మీడియంలో వేయాలా, ఒడియా మీడియంలో వేయాలా అన్న టెన్షన్ మనిషి తల్లికి ఈ జూన్‌లోనే తేలాలి. ఆగే స్తోమత ఉన్నవాడు, లేనివాడు ఒకే వినతిపత్రం మీద సంతకం పెట్టినా, ఆ కాగితం ఇద్దరికీ ఒకటి కాదు.

ప్రమాదం విషయంలో ఈ తేడా మరింత కరుకుగా బయటపడుతుంది. ఎల్ఫ్‌లకు ముసలితనంతో చావు రాదని కాసేపు అనుకుందాం. పాము కాటు, వరద, మన్యం జ్వరం, చెట్టు మీంచి పడటం లాంటివాటితో ఏడాదికి వెయ్యిమందిలో ఒక్కరే పోతారనుకుందాం. మనిషి యాభై ఏళ్ల శ్రమజీవితంలో అలా పోయేది నూటికి అయిదుగురు. ఏడు వందల ఏళ్లలో అదే ప్రమాదం సగం మందిని తీసుకుపోతుంది. ఇది వట్టి గుణింతమే, కల్పన కాదు. ఈ లెక్క తెలిసిన జాతి వరదలో వంశధార దాటదు, తాటిచెట్టు ఎక్కదు. తాటిచెట్టు కాపుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. మనవలకోసం మనుషులు నాటే ఆ చెట్టును ఎల్ఫ్ తనకోసమే నాటుకుంటాడు, అది కూలిపోవడం కూడా చూస్తాడు. కానీ కల్లు గీయడానికి, కమ్మలు కొట్టడానికి ఎక్కేది ఎవరు? కూలికి వచ్చే మనిషి. కొండరాళ్లు పగలగొట్టేది, బావి తవ్వేది, పడవ నడిపేది మనిషే. దీర్ఘాయుష్షు గల జాతి చూపించే ప్రశాంతత వెనక ఇంకొకరి మోకాళ్లు, వెన్నుపూసలు ఉంటాయి. కల్పనలో దీన్ని దాచకూడదు. దాచితే అది మన ఊళ్లలో శతాబ్దాలుగా నడిచిన పని విభజనను అందంగా రంగు వేసి చూపించినట్టవుతుంది.

ఇంకో తప్పు కూడా ఈ ప్రాంతంలో రాసేవారు చేసే అవకాశం ఉంది. గజపతి, రాయగడ కొండల్లో సవరలున్నారు గనుక, అడవి జాతి అనగానే వాళ్లకు చెవులు సాగదీసి ఎల్ఫ్‌లను చేసెయ్యడం. అలా చేయకూడదు. సవరలు భూమి, పోడు, ఆసుపత్రి, బడి సమస్యలున్న ఈ కాలపు మనుషులు. 1936లో మంగెయి గమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపి రూపొందించారు, అంటే ఒరిస్సా రాష్ట్రం పుట్టిన ఏడాదే. అంతేకాదు, ఎల్ఫ్‌లకు పూర్తి ఎదురుగా నిలిచే ఆచారం ఒకటి వాళ్లలో ఉంది. చనిపోయినవారు పూనకంలో ఉన్న పూజారిణి నోటి ద్వారా బతికున్నవారితో మాట్లాడతారు, గొడవపడతారు, బాకీలు అడుగుతారు, సమాధానపడతారు. పోయినవాళ్లకోసం రాళ్లు నాటుతారు. ఇప్పుడు క్రైస్తవం తీసుకున్న చాలా కుటుంబాల్లో ఇది తగ్గిపోయింది. ఎల్ఫ్‌లు అదే లోయలో ఉంటే గతానికి ఇద్దరు సాక్షులుంటారు: మాట్లాడే మృతులు ఒకరు, చావని పొరుగువారు ఇంకొకరు. ఒక పొలం గట్టు గురించి ఇద్దరూ రెండు మాటలు చెబితే ఊరు ఎవరిని నమ్మాలి? ఎల్ఫ్ చెప్పేదే నిజమని తేల్చేయడం సులువు. కానీ మూడు వందల ఏళ్ల కిందటి గట్టు ఎవరికైనా ఎంత గుర్తుంటుంది? పైగా ఆ పొలంలో ఎల్ఫ్‌కూ వాటా ఉండవచ్చు.

ఆస్తి సంగతి చట్టం దగ్గర ఆసక్తికరంగా మారుతుంది. ఆంధ్రలో, ఒడిశాలో హిందూ కుటుంబాలకు సంప్రదాయంగా వర్తించేది మితాక్షర. పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. బెంగాల్‌లోని దాయభాగంలో తండ్రి పోయాకే హక్కు వస్తుంది. ఎల్ఫ్‌లు బెంగాల్‌లో ఉంటే కొడుకు అయిదు వందల యాభై ఏళ్లు చేతులు ముడుచుకు కూర్చోవాలి, లేదా తండ్రి చావు కోరుకోవాలి. మితాక్షర నేలలో పంపకం అడగొచ్చు. కనుక ఇక్కడి ఎల్ఫ్ ఇళ్లలో పంపకాలు చావుతో ముడిపడవు, ఏదో ఒక వయసుకు పెద్దవాళ్లు కొండమీదికో తోటలోకో తప్పుకునే ఆచారంతో ముడిపడతాయి. మనుషుల చట్టంలోని గడువులు వాళ్లకు ఇంకా ఇబ్బంది. సొంతదారు పట్టించుకోని ప్రైవేటు భూమిని ఇంకొకరు పన్నెండేళ్లు బహిరంగంగా అనుభవిస్తే సొంతదారు హక్కు పోవచ్చు. ముప్పై ఏళ్లు దాటిన పత్రాన్ని కోర్టు పాత పత్రంగా చూస్తుంది. ఏడేళ్లు జాడ తెలియకపోతే మనిషి పోయినట్టు భావిస్తుంది. చుట్టాల ఇంటికని వెళ్లి ఓ పదిహేనేళ్లుండి వచ్చిన ఎల్ఫ్ చట్టం దృష్టిలో మృతుడు, భూమిలేనివాడు.

అప్పు కూడా అంతే. నూటికి నెలకు రూపాయి వడ్డీ, ఏడాదికోసారి అసలులో కలిపితే, నూరు రూపాయల అప్పు నూరేళ్లలో 83 లక్షలు దాటుతుంది. వడ్డీ అసలును మించకూడదన్న దామ్‌దుపట్ అనే పాత హిందూ ధర్మశాస్త్ర సూత్రం మనుషులకు దయ, ఎల్ఫ్‌లతో లావాదేవీకి అత్యవసరం. అది లేకపోతే రెండు తరాల్లో ఊరంతా వాళ్ల దగ్గర తాకట్టులో ఉంటుంది.

ఇవన్నీ దాటి రెండు జాతుల్ని ఒకే వీధిలో కలిపి ఉంచేది ఏమిటంటే నేస్తరికం. ఒడిశాలో ఇద్దరు జగన్నాథుడి మహాప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని జీవితాంతపు స్నేహం కట్టుకుంటారు. మకర సంక్రాంతినాడు మకర చాఉళ అనే కొత్తబియ్యపు ప్రసాదం ఇచ్చిపుచ్చుకుని మకర స్నేహం కడతారు. ఆ తర్వాత ఒకరి ఇంటి శుభాశుభాలకు ఇంకొకరు చుట్టాల్లా నిలబడాలి. ఎల్ఫ్, మనిషి ఇలా నేస్తం కడితే ఆ బంధం మనిషితో పోదు. ఇంటితో ఉంటుంది. నేస్తం కొడుకు, మనవడు, ఆ తర్వాతి వాడు కూడా ఎల్ఫ్‌ను ఒకే వరసతో పిలుస్తారు. ఎల్ఫ్ ఒక తరం ఎదిగేసరికి ఆ ఇంట్లో ఆరు తరాలు మారతాయి.

ఇక మైల. చుట్టరికం ఉన్నచోట మైల ఉంటుంది. నేస్తం ఇంట్లో ప్రతి చావుకూ పట్టాలంటే ఎల్ఫ్ పెళ్లిళ్లకు, పండగలకు ఎప్పటికీ వెళ్లలేడు. అందుకని వాళ్ల పెద్దలు ఒక హద్దు గీసి ఉంటారు: ప్రసాదం తినిపించుకున్న ఆ ఒక్క మనిషికే మైల, వాడి సంతానానికి వద్దు. హద్దు న్యాయమైనదే, నిలబెట్టుకోవడం కష్టం. నేస్తం మునిమనవరాలిని ఎత్తుకు తిప్పిన ఎల్ఫ్, ఆ పిల్ల మన్యం జ్వరంతో పోతే స్నానం చేసి మామూలుగా భోజనానికి కూర్చోగలడా? కూర్చోలేక మైల పడితే సొంత ఇంట్లో వాణ్ణి ఏ గదిలో ఉంచుతారు, ఏ పొయ్యి మీద ఎవరు వండి పెడతారు, పెద్దకర్మ నాడు ఆ పిల్ల తల్లిదండ్రులు వాణ్ణి పంక్తిలో ఎక్కడ కూర్చోబెడతారు అన్నవి రచయిత కథ మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి.